1801 జ్యుడీషియరీ చట్టం: ఆడమ్స్ దిగిపోయే ముందు చేసింది సంస్కరణా, సొంతవాళ్లకు కుర్చీలు వేయడమా?

విశాఖ_లా_స్టూడెంట్
మార్బరీ వర్సెస్ మాడిసన్ గురించి ఏ గైడు తెరిచినా ఒకటే కథ. ఎన్నికల్లో ఓడిన అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఆఖరి రాత్రి కూర్చుని తన పార్టీ వాళ్లందరినీ జడ్జీలుగా వేసేశాడు, తెల్లారి జెఫర్సన్ వచ్చి ఆపేశాడు, పదవి అందని మార్బరీ కోర్టుకెళ్లాడు, న్యాయసమీక్ష (చట్టాన్ని కోర్టు కొట్టేయగల అధికారం) పుట్టింది. అసలు అన్ని జడ్జి పోస్టులు ఒక్కసారిగా ఎక్కణ్నుంచి వచ్చాయంటే ఒక్క లైను: "1801 జ్యుడీషియరీ చట్టం, మరుసటి ఏడాదే రద్దు". నేను ఆ చట్టం మొత్తం చదివాను. ఏ సర్క్యూట్ కోర్టు ఏ ఊళ్లో ఏ నెలలో కూర్చోవాలో కూడా రాసి ఉంది. ఇది కంగారులో ఒక్క రాత్రి గీసిన కాగితంలా లేదు. మరి దీన్ని కేవలం ఉద్యోగాల పంపకంగా ఎందుకు చెబుతున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి, నాకు ఇది పరీక్ష కోసం కాదు.

బెజవాడ_బాబాయ్
పరీక్ష కోసం కాదన్నావ్ చూడు తమ్ముడూ, అక్కడే మనసు దోచావ్. పాత_కాగితాలు గారిని పిలవండి, ఆయన సబ్జెక్టు ఇది.

పాత_కాగితాలు
వచ్చాను. ఇది 1801లో మొదలుపెడితే అర్థం కాదు, 1789కి వెళ్లాలి.

వాషింగ్టన్ హయాంలో వచ్చిన మొదటి చట్టం మూడు అంచెల కోర్టులు పెట్టింది. కింద డిస్ట్రిక్ట్ కోర్టులు, మధ్యలో సర్క్యూట్ కోర్టులు, పైన ఆరుగురు జడ్జీలతో సుప్రీంకోర్టు. చిక్కంతా మధ్యలో ఉంది. సర్క్యూట్ కోర్టులు పెట్టారు గానీ వాటికి సొంత జడ్జీలను ఇవ్వలేదు. సుప్రీంకోర్టు జడ్జీలే ఇద్దరు చొప్పున బయల్దేరి ఊరూరా తిరిగి, అక్కడి డిస్ట్రిక్ట్ జడ్జిని పక్కన కూర్చోబెట్టుకుని కేసులు వినాలి. ఏడాదికి రెండు విడతలు. గుర్రాల మీదా బళ్లలోనూ ప్రయాణం, దారిలో దొరికిన సత్రంలో పడక. 1792లో జడ్జీలంతా కలిసి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు మొరపెట్టుకుంటే 1793లో ఇద్దరి బదులు ఒక్కరు వెళ్తే చాలన్నారు. అంతకుమించి ఏమీ ఒరగలేదు.

జేమ్స్ ఐర్డెల్ అని ఉత్తర కరోలినా జడ్జి, దక్షిణ సర్క్యూట్ తిరిగి తిరిగి తనది టపా మోసేవాడి బతుకైపోయిందని రాసుకున్నాడు. 1799లో 48 ఏళ్లకే పోయాడు. శామ్యూల్ ఛేజ్ గడ్డకట్టిన సస్క్వెహానా నది దాటుతుంటే కాళ్ల కింద మంచు విరిగి నీళ్లలో పడ్డాడు, పక్కనున్నవాళ్లు లాగబట్టి బతికాడు.

ప్రయాణాలు ఒక ఎత్తు. సర్క్యూట్‌లో తీర్పు చెప్పిన మనిషే, అదే కేసు అప్పీలుగా పైకొస్తే మళ్లీ అక్కడా ఉంటాడు. కక్షిదారుకు ఇక ఏం నమ్మకం మిగులుతుంది? 1801 చట్టం సరిగ్గా ఈ రోగానికే మందు. ఆరు సర్క్యూట్లు చేసి, 16 మంది సర్క్యూట్ జడ్జీలను విడిగా పెట్టి, సుప్రీంకోర్టు వాళ్లను తిరుగుడు నుంచి తప్పించింది. ఐదు సర్క్యూట్లకు ముగ్గురేసి, కెంటకీ, టెనెసీ వైపు ఉన్న ఆరోదానికి ఒక్కరు.

గోదారి_గట్టు
రోగం నిజమే, కాదనను. కానీ మందు ఎప్పుడు వేశారో క్యాలెండర్ చూడండి. 1800 ఎన్నికల్లో ఎలక్టోరల్ ఓట్లు జెఫర్సన్‌కు 73, అదే పార్టీ ఆరన్ బర్‌కు 73, ఆడమ్స్‌కు 65. ఇద్దరి మధ్య టై పడింది కాబట్టి ఎవరు ప్రెసిడెంటో తేలలేదు, ఆడమ్స్ పోవడం మాత్రం తేలిపోయింది. కాంగ్రెస్ కూడా ఆడమ్స్ పార్టీ అయిన ఫెడరలిస్టుల చేయి జారింది. ఇదంతా తెలిశాక జనవరి 20న ప్రతినిధుల సభలో 51-43తో బిల్లు పాసు. ఫిబ్రవరి 7న సెనేట్‌లో 16-11. ఫిబ్రవరి 13న సంతకం. ఆ సంతకం పెట్టే రోజుకు సభలో టై విప్పడానికి ఓటింగు మీద ఓటింగు నడుస్తోంది! 17న 36వ ఓటింగులో గానీ జెఫర్సన్ గెలవలేదు. పదేళ్లు పట్టని జడ్జీల నడుంనొప్పి ఓడిపోయాకే పట్టిందా?

పాత_కాగితాలు
@గోదారి_గట్టు ఓడిపోయాక పుట్టిన ఆలోచన అయితే మీరన్నదే నిజం. కానీ కోర్టుల వ్యవస్థ మార్చాలని ఆడమ్స్ 1799 డిసెంబర్ సందేశంలోనే కాంగ్రెస్‌ను అడిగాడు. 1800 మార్చిలో బిల్లు సభకు వచ్చింది, వాయిదా పడింది. అప్పటికి ఎన్నికల ఫలితం ఎవరికీ తెలియదు. గెలిచినా ఓడినా ఆ బిల్లు మళ్లీ వచ్చేదే.

గోదారి_గట్టు
వచ్చేదే సరే. నియామకాలు ఎవరు చేయాలి? రెండు వారాల్లో దిగిపోయే మనిషా, ఎన్నికైన మనిషా? చట్టం తెచ్చి, పోస్టుల భర్తీ కొత్త ప్రెసిడెంటుకు వదిలేసి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ని. జీవితకాలపు పదవులండీ అవి. జనం ఓడించిన పార్టీ జనం చేతికి అందని చోటికి వెళ్లి కూర్చుంది. జెఫర్సన్ కూడా 1801 డిసెంబర్‌లో జాన్ డికిన్సన్‌కు రాసిన ఉత్తరంలో ఫెడరలిస్టులు న్యాయవ్యవస్థను కోటగా చేసుకుని అందులోకి తప్పుకున్నారనే అన్నాడు.

వర్జీనియా_తెలుగు
నేను అలెగ్జాండ్రియా పక్కనే ఉంటాను. ఒక చిన్న సవరణ చెప్పాలి, గైడ్లలో ఎప్పుడూ కలిపేస్తారు. చట్టాలు రెండు. ఫిబ్రవరి 13ది సర్క్యూట్ జడ్జీల చట్టం. ఫిబ్రవరి 27న ఇంకోటి వచ్చింది, రాజధాని జిల్లా పాలన కోసం. మార్బరీది ఈ రెండో చట్టం కింద వచ్చిన పోస్టు, జస్టిస్ ఆఫ్ ద పీస్. ఐదేళ్ల పదవి, చిన్న చిన్న తగాదాలు చూసే పని. అలాంటివి 42, వాషింగ్టన్ కౌంటీకి 23, మా అలెగ్జాండ్రియా కౌంటీకి 19. అప్పట్లో అలెగ్జాండ్రియా రాజధాని జిల్లాలోనే ఉండేది. ఆ 42 పేర్లు మార్చి 2న సెనేట్‌కు వెళ్లాయి, 3న ఆమోదం, 4న జెఫర్సన్ ప్రమాణం. ఆఖరి రాత్రి హడావుడి ఎక్కువగా వీటిదే. సర్క్యూట్ జడ్జీల పేర్లు ఫిబ్రవరి 18 నుంచే వెళ్తున్నాయి.

విశాఖ_లా_స్టూడెంట్
@వర్జీనియా_తెలుగు ఇది బాగా ఉపయోగపడింది అన్నా. అంటే మార్బరీ అసలు 1801 జ్యుడీషియరీ చట్టం మనిషే కాదు!

వర్జీనియా_తెలుగు
కాదు. జార్జ్‌టౌన్ వ్యాపారి, తర్వాత బ్యాంకు పెద్ద. ఇంకో ముగ్గురు కూడా అతనితో కలిసి కోర్టుకెళ్లారు. కమిషన్ కాగితాల (నియామక పత్రాల) మీద ఆడమ్స్ సంతకం పడింది, సీలు పడింది, చేతికి అందలేదు. సీలు వేసిన విదేశాంగ కార్యదర్శి జాన్ మార్షల్, అదే సమయంలో ప్రధాన న్యాయమూర్తి కూడా. ఫిబ్రవరి 4 నుంచి మార్చి 4 దాకా రెండు కుర్చీలూ ఆయనవే.

బెజవాడ_బాబాయ్
తను పంచకుండా వదిలేసిన కాగితాల మీద వచ్చిన కేసుకు తనే తీర్పు చెప్పాడా! ఇవాళైతే టీవీ చర్చలు వారం నడుస్తాయి.

సుధ_వకీలు_గుంటూరు
బాబాయ్ గారూ, కాగితాలు పంచే పనిలో ఆయన తమ్ముడు జేమ్స్ మార్షల్ కూడా ఉన్నాడు, కొన్ని మోయలేక వెనక్కి తెచ్చి పెట్టానని అఫిడవిట్ కూడా ఇచ్చాడు. ఆ తమ్ముడికి రాజధాని జిల్లా సర్క్యూట్ కోర్టులో జడ్జి పదవి. మార్షల్ గారి బావమరుదులు ఇద్దరికి, జార్జ్ కీత్ టేలర్‌కు, విలియం మెక్లంగ్‌కు, సర్క్యూట్ జడ్జి పదవులు. డెలావేర్ ప్రతినిధి జేమ్స్ బేయర్డ్ మామగారు రిచర్డ్ బాసెట్‌కు ఇంకోటి. జెఫర్సన్, బర్ టై వీడటానికి కారణమైన బేయర్డే ఈయన. కాబట్టి గోదారి_గట్టు గారి కోపం ఊరికే రాలేదు.

అయినా చట్టం మంచిదనే అంటాను, ఎందుకంటే అందరూ వదిలేస్తున్న భాగం ఒకటుంది. జడ్జీల సంఖ్య కంటే పెద్దది అధికార పరిధి. 1789 చట్టం కింద ఫెడరల్ చట్టం మీద హక్కు అడిగినంత మాత్రాన ఫెడరల్ కోర్టుకు నేరుగా వెళ్లే దారి సాధారణంగా లేదు, రాష్ట్ర కోర్టులోనే తేల్చుకోవాలి. 1801 చట్టం రాజ్యాంగం, ఫెడరల్ చట్టాలు, ఒప్పందాల కింద వచ్చే కేసులన్నిటికీ ఆ తలుపు తెరిచింది. వేర్వేరు రాష్ట్రాల వాళ్ల మధ్య తగాదా అయితే 500 డాలర్లున్న పరిమితిని 400కు దించింది. 1802లో రద్దయ్యాక ఆ తలుపు మళ్లీ పూర్తిగా తెరుచుకున్నది 1875లో. డెబ్బై మూడేళ్లు!

గోదారి_గట్టు
సుధ మేడమ్, ఆ తలుపు ఎవరికి ఉపయోగమో కూడా చెప్పాలి కదా. అప్పటి రైతుకు, చిన్న బాకీదారుకు ఫెడరల్ కోర్టంటే దూరపు ఊరు, ఖర్చు, ఊళ్లో తనను ఎరగని జూరీ. వర్జీనియాలో బ్రిటిష్ వ్యాపారులకు బాకీపడ్డవాళ్లు బోలెడు. వాళ్లకు ఇది భయమే. అంతకన్నా పెద్ద భయం 1798 సెడిషన్ చట్టం. ప్రభుత్వాన్ని విమర్శించారని పత్రికల వాళ్లను జైల్లో పెట్టింది ఈ ఫెడరల్ కోర్టులే. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్‌కు 4 నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా. జైల్లో ఉండగానే జనం మళ్లీ గెలిపించారు. అలాంటి కోర్టులను రెట్టింపు చేస్తామంటే జెఫర్సన్ పార్టీ రిపబ్లికన్లకు ఒళ్లు మండదా?

పాత_కాగితాలు
ఈ పాయింట్ చాలా బలమైనది, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి చెప్పగలను. లయన్ కేసు వినడానికి సర్క్యూట్ మీద వచ్చినది సుప్రీంకోర్టు జడ్జి విలియం పాటర్సన్. రిచ్‌మండ్‌లో అదే సెడిషన్ చట్టం కింద పత్రికా రచయిత జేమ్స్ కాలెండర్ మీద పెట్టిన కేసు విన్నది ఛేజ్. అంటే ఆ తిరుగుడు వ్యవస్థ కూడా రాజకీయానికి అతీతంగా ఏమీ లేదు. పైకోర్టు జడ్జీలే ఊరూరా తిరిగి గ్రాండ్ జూరీల ముందు రాజకీయ ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు.

ఓరుగల్లు_కుర్రాడు
సుప్రీంకోర్టు జడ్జీలను ఆరు నుంచి ఐదుకు తగ్గించారని చదివా. పని తగ్గింది కాబట్టి ఐదు చాలనా, లేక జెఫర్సన్‌కు ఒక్క నియామకం కూడా దక్కకూడదనా?

గోదారి_గట్టు
రెండోదే. విలియం కుషింగ్ ముసలాడు, ఆరోగ్యం బాలేదు. ఆయన పోతే కొత్తవాణ్ని వేసే అవకాశం జెఫర్సన్‌కు ఉండకూడదని.

సుధ_వకీలు_గుంటూరు
ఆ మాట అప్పటి రిపబ్లికన్లూ అన్నారు. తిరుగుడు లేకపోతే బేసి సంఖ్య మేలు అనే వాదనలోనూ అర్థముంది, ఆరుగురుంటే 3-3 పడుతుంది. ఎలాగూ అమలు కాలేదు. తదుపరి ఖాళీ వచ్చినప్పుడు తగ్గాలని రాశారు, ఖాళీ రాకముందే చట్టం పోయింది. కుషింగ్ 1810 దాకా బతికాడు!

వర్జీనియా_తెలుగు
జాన్ జే సంగతి ఎవరూ ఎత్తలేదేం? మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయన, 1795లో వదిలి న్యూయార్క్ గవర్నర్‌గా వెళ్లాడు. 1800 డిసెంబర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎల్స్‌వర్త్ రాజీనామా అందాక ఆడమ్స్ మళ్లీ జేనే నామినేట్ చేశాడు, సెనేట్ కూడా ఒప్పుకుంది. 1801 జనవరిలో ఆయన వద్దన్నాడు. లోపాలున్న ఈ వ్యవస్థలో కోర్టుకు రావలసిన బలం, గౌరవం రావని రాశాడు. దేశంలో అతి పెద్ద న్యాయపదవి ఇస్తామంటే అక్కర్లేదన్న మనిషి మాట కంటే సంస్కరణ అవసరానికి సాక్ష్యం ఏం కావాలి? ఆయన వద్దనబట్టే జనవరి 20న మార్షల్ పేరు వెళ్లింది. బిల్లు సభలో గెలిచిన రోజే అది.

పాత_కాగితాలు
పదవులకు ఎగబడినవాళ్ల కథ కూడా ఒకటి చెప్పాలి. కాంగ్రెస్ సభ్యుడు తన పదవీకాలంలో కొత్తగా పుట్టించిన పోస్టులోకి వెళ్లకూడదని రాజ్యాంగం నిషేధం. అందుకని ఉన్న డిస్ట్రిక్ట్ జడ్జిని సర్క్యూట్‌కు పైకి జరిపి, అలా ఖాళీ అయిన పాత కుర్చీలో సభ్యుణ్ని కూర్చోబెట్టేవాళ్లు. రోడ్ ఐలండ్ సెనేటర్ రే గ్రీన్ ఇలాగే డిస్ట్రిక్ట్ జడ్జి పదవి కోసం సెనేట్ వదులుకున్నాడు. కమిషన్ కాగితంలో డిస్ట్రిక్ట్ బదులు సర్క్యూట్ అని పడింది. సరిదిద్దేలోపు జెఫర్సన్ వచ్చాడు, సరిదిద్దలేదు, వేరే మనిషిని వేశాడు.

బెజవాడ_బాబాయ్
రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం.

గోదారి_గట్టు
చూశారా, సంస్కరణ ప్రేమికులు కుర్చీల కోసం ఎన్ని మెలికలు తిరిగారో. నా మాటకు సాక్ష్యం పాత_కాగితాలు గారే ఇస్తున్నారు.

పాత_కాగితాలు
ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదండీ. నియామకాలు పక్షపాతంతో చేశారు, చట్టం అవసరమైంది. రెండూ ఒకే కాగితం మీద జరిగాయి. ఇంకో సంగతి, ఆడమ్స్ ఎంచుకున్న కొందరు పదవి వద్దన్నారు. ఆ ఖాళీల్లో కొన్ని జెఫర్సన్ తనే నింపాడు. అంటే మొదట్లో ఆ కోర్టులను ఆయన కూడా నడవనిచ్చాడు. ఆడమ్స్ మీద ఆయన కోపం మాత్రం పోలేదు. 1804లో అబిగెయిల్ ఆడమ్స్‌కు రాసిన ఉత్తరంలో, మీ భర్త చేసిన పనుల్లో నాకు వ్యక్తిగతంగా కష్టం కలిగించింది ఆ ఆఖరి నియామకాలొక్కటే అన్నాడు.

విశాఖ_లా_స్టూడెంట్
మరి రద్దు ఎలా చేశారు? జడ్జి సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం పదవిలో ఉంటాడని రాజ్యాంగంలో ఉంది. జడ్జిని తీయలేరు సరే, జడ్జి కూర్చునే కోర్టునే తీసేస్తే? ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

సుధ_వకీలు_గుంటూరు
1802లో సెనేట్ అంతా ఇదే ప్రశ్న మీద ఊగిపోయింది. కెంటకీ సెనేటర్ జాన్ బ్రెకిన్రిడ్జ్ రద్దు బిల్లు పెట్టాడు. కింది కోర్టులు పెట్టే అధికారం కాంగ్రెస్‌కు ఉంటే తీసే అధికారమూ ఉంటుంది, పనిలేని కోర్టుకు జీతాలెందుకు అని వాదన. గవర్నర్ మోరిస్ అటువైపు (గవర్నర్ ఆయన పేరే, పదవి కాదు). మనిషి నుంచి పదవిని లాక్కోలేరు, అలాంటప్పుడు మనిషి కింద నుంచి పదవిని లాగేస్తే తేడా ఏమిటని ఆయన వాదం సారాంశం. ఒక దశలో టై పడితే ఉపాధ్యక్షుడు బర్ తన సొంత పార్టీకి ఎదురుగా ఓటేసి బిల్లును కమిటీకి పంపాడు! చివరికి సెనేట్‌లో 16-15, ఒక్క ఓటు తేడా. సభలో 59-32. మార్చి 8న సంతకం, జూలై 1 నుంచి పాత వ్యవస్థ.

మన దగ్గర నేను కళ్లారా చూసిన దగ్గరి విషయం ఒకటి చెబుతా. రెండు రాష్ట్రాల్లోనూ ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే పరిపాలనా ట్రిబ్యునల్ పోయింది, కేసులు హైకోర్టుకు వెళ్లాయి. నా క్లయింట్ ఒకాయన ప్రమోషన్ కేసు వాదనల దశలో ఉంది, కొత్త నంబరుతో మళ్లీ మొదటికొచ్చింది. అక్కడి సభ్యులవి జీవితకాల పదవులు కావు, కాబట్టి రాజ్యాంగ ప్రశ్న ఒకటే అనను. కానీ కోర్టు మాయమైతే కక్షిదారుకు ఏమవుతుందో తెలిసింది. 1802 చర్చల్లో అందరూ జడ్జీల గురించే మాట్లాడారు, దారిలో ఉన్న కేసుల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఓరుగల్లు_కుర్రాడు
మేడమ్, దారిలో ఉన్న కేసు మీదే కదా స్టువర్ట్ వర్సెస్ లైర్డ్ వచ్చింది?

సుధ_వకీలు_గుంటూరు
భలే పట్టావ్ బాబూ. వర్జీనియా కేసు. రద్దయిన సర్క్యూట్ కోర్టులో తీర్పు వచ్చింది, దాని అమలు కొత్తగా ఏర్పడిన సర్క్యూట్ కోర్టుకు వెళ్లింది. ఓడినవాళ్ల తరఫు లాయరు ఛార్లెస్ లీ, మార్బరీ లాయరు కూడా ఆయనే. రెండు వాదనలు పెట్టాడు. కేసును ఇంకో కోర్టుకు అలా మార్చే అధికారం కాంగ్రెస్‌కు లేదు, సుప్రీంకోర్టు జడ్జీలు విడిగా కమిషన్ లేకుండా సర్క్యూట్‌లో కూర్చోకూడదు. 1803 మార్చి 2న రెండూ కొట్టేశారు. మొదటినుంచీ జడ్జీలు కూర్చుంటూనే వచ్చారు, ఇన్నేళ్ల ఆచారమే జవాబు అన్నారు. జడ్జీలను ఇలా తీయవచ్చా అనే అసలు ప్రశ్న జోలికి నేరుగా పోలేదు.

రాసింది ఎవరో తెలుసా? లయన్‌ను జైలుకు పంపిన పాటర్సనే. కింద కేసు విన్నది మార్షల్ కాబట్టి ఆయన పక్కకు తప్పుకున్నాడు.

విశాఖ_లా_స్టూడెంట్
మార్బరీ ఫిబ్రవరి 24, ఇది మార్చి 2. ఆరు రోజుల తేడా! మాకు మొదటిదే చెప్పారు. కాంగ్రెస్ చట్టాన్ని కోర్టు కొట్టేయగలదని మొదటిదాంట్లో చెప్పి, నిజంగా ప్రమాదం ఉన్న చట్టం ఎదురైనప్పుడు రెండోదాంట్లో తలొంచారన్నమాట.

పాత_కాగితాలు
తలొంచారని నేననను. ఆ ఏడాది వాళ్ల పరిస్థితి చూడు. 1802లో కాంగ్రెస్ ఇంకో చట్టం తెచ్చి కోర్టు జూన్ సమావేశాన్ని ఎత్తేసింది, దాంతో 1801 డిసెంబర్ నుంచి 1803 ఫిబ్రవరి దాకా సుప్రీంకోర్టు కూర్చోనేలేదు. ఈలోగా మార్షల్ తోటి జడ్జీలకు ఉత్తరాలు రాసి సర్క్యూట్‌కు వెళ్దామా వద్దా అని అడిగాడు. ఛేజ్ వెళ్లొద్దని గట్టిగా రాశాడు. మిగతావాళ్లు వెళ్దామన్నారు, అందరూ మళ్లీ గుర్రాలెక్కారు. ఎదురుతిరిగి ఉంటే అభిశంసనలు వరసగా వచ్చేవి. ఛేజ్ మీద 1804లో రానే వచ్చింది, 1805లో సెనేట్ నిర్దోషిగా వదిలేసింది. కోర్టు నిలవడానికి ఆ ఓర్పు అవసరమైందని నా అభిప్రాయం.

గోదారి_గట్టు
ఇక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తాను. కానీ రద్దు తప్పు కాదనే నా మాట. ఎన్నికల్లో గెలిచినవాళ్లు సభలో చర్చించి, ఓటు వేసి, తీర్పుకు నిలబడి చేశారు.

వర్జీనియా_తెలుగు
నా సొంత అనుభవం ఒకటి. మా ఆవిడ ఇమ్మిగ్రేషన్ ఫైలు ఏళ్ల తరబడి కదల్లేదు. ఫోన్లు, ఈమెయిళ్లు, ఏ జవాబూ లేదు, ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో వేశాం, మాండమస్ పిటిషన్. ఆఫీసర్ చేయాల్సిన పని చేయమని కోర్టును అడగడం. మార్బరీ అడిగిందీ అదే! ఫెడరల్ చట్టం కింద హక్కు ఉంటే ఫెడరల్ కోర్టు తలుపు తట్టవచ్చన్న మాట 1801లో రాసి 1802లో చెరిపేసినదే కదా. సుధ మేడమ్ పోస్ట్ చదువుతుంటే అందుకే మనసుకు తగిలింది. 1802లో గెలిచినవాళ్ల మీద నాకు ఆ కోపం ఉంది గోదారి_గట్టు గారూ.

బెజవాడ_బాబాయ్
మార్బరీకి రానిది చెల్లెమ్మకు వచ్చిందా మరి?

వర్జీనియా_తెలుగు
వచ్చింది బాబాయ్, కేసు వేశాక ఫైలు కదిలింది.

గోదారి_గట్టు
సంతోషం అండీ. తలుపు తెరవడం తప్పని నేనెప్పుడూ అనలేదు, తాళంచెవులు ముందే బంధువుల చేతుల్లో పెట్టడం తప్పన్నాను.

ఓరుగల్లు_కుర్రాడు
ఆ 16 మందికి ఏమైంది? జీతాలైనా ఇచ్చారా?

పాత_కాగితాలు
ఏడాదికి 2000 డాలర్లు జీతం, ఆరో సర్క్యూట్ ఆయనకు 1500. రద్దుతో ఆగిపోయింది. 1803 జనవరిలో కొందరు కాంగ్రెస్‌కు అర్జీ పెట్టుకున్నారు, మా పదవులు రాజ్యాంగం ప్రకారం ఇంకా ఉన్నాయి, జీతం ఇప్పించండని. ఒప్పుకోలేదు. తర్వాత చాలామంది బాగానే నిలబడ్డారు. జెరెమియా స్మిత్ న్యూ హాంప్‌షైర్ ప్రధాన న్యాయమూర్తి, ఆపైన గవర్నర్ అయ్యాడు. విలియం టిల్‌మన్ పెన్సిల్వేనియా ప్రధాన న్యాయమూర్తిగా ఏళ్ల తరబడి ఉన్నాడు. ఆలివర్ వోల్కాట్ కనెక్టికట్ గవర్నర్. అందరూ పనికిమాలిన పార్టీ మనుషులైతే ఇలా జరిగేది కాదు.

విశాఖ_లా_స్టూడెంట్
సుప్రీంకోర్టు జడ్జీల తిరుగుడు ఎప్పుడు ఆగింది?

సుధ_వకీలు_గుంటూరు
1869లో ప్రతి సర్క్యూట్‌కు ఒక సొంత జడ్జిని పెట్టారు, భారం కొంత తగ్గింది. 1891లో సర్క్యూట్ అప్పీలు కోర్టులు వచ్చాక నిజంగా తెరిపి దొరికింది. పాత సర్క్యూట్ కోర్టులు 1912 జనవరి 1న పూర్తిగా పోయాయి. ఐర్డెల్ పోయిన 113వ ఏట.